వేట లేని 61 రోజుల వంట

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు మా ఇంట్లో కోనెం చేప వండం. చందువ కొనం. పెద్ద రొయ్యల జోలికి వెళ్ళం. నాలుగేళ్ళుగా ఇదే పద్ధతి. ఇంటికొచ్చిన చుట్టాలు మొదట నవ్వుతారు, తర్వాత కాస్త నొచ్చుకుంటారు, చివరికి ఎండు రొయ్యలు మామిడికాయ కూర రెండోసారి వడ్డించుకుంటారు.

మేం చేప మానలేదని ముందే చెప్పాలి. విశాఖపట్నంలో పుట్టి, పొద్దున్నే వీధిలో చేపల గంప దిగిన చప్పుడుకి నిద్ర లేచిన మనిషిని. చేప మానడం నాకు చేతకాదు. సముద్రం మీద వేట ఆగిన రోజుల్లో వేట ఆగినట్టే వండుకుంటున్నాం, అంతే.

తెలియనివాళ్ళ కోసం రెండు మాటలు. తూర్పు తీరం పొడవునా ఈ 61 రోజులు మరపడవలూ మోటారు బిగించిన పడవలూ వేటకు వెళ్ళకూడదు. ఒకప్పుడు ఇది 47 రోజులే, మే 31తో అయిపోయేది. 2015 నుంచి జూన్ 14 దాకా పెంచారు. చాలా రకాల చేపలూ రొయ్యలూ గుడ్లు పెట్టే కాలం ఇది. ఆ సమయంలో వలలు ఊడ్చేస్తే మరుసటి ఏడాదికి పట్టడానికి ఏమీ మిగలదు. మోటారు లేని తెప్పలకూ నాటు పడవలకూ మినహాయింపు ఉంది. ఆ రెండు నెలలూ మన ఫిషింగ్ హార్బర్‌కి వెళ్ళి చూడండి. పడవలు పక్కపక్కన ఒరుసుకుంటూ వరసగా కట్టేసి ఉంటాయి. ఒకదానికి రంగులు వేస్తుంటారు, ఇంకోదానికి చెక్కలు మారుస్తుంటారు. గట్టు మీద నీడ చూసుకుని కూర్చుని వలలు అల్లుకుంటుంటారు.

నిషేధం పడవకు ఉంది, కంచానికి లేదు. కంచానికీ ఉండాలని నా వాదన. దానికి చట్టాలేవీ అక్కర్లేదు, ఎవరి వంటింట్లో వాళ్ళు పెట్టుకోగలిగేదే.

నాకు ఈ ఆలోచన పుస్తకాల్లోంచి రాలేదు. నాలుగేళ్ళ కిందట మే నెలలో మా అబ్బాయి పదో తరగతి పాసయ్యాడని పదిహేను మందిని భోజనానికి పిలిచాం. వాడు అడిగింది కోనెం వేపుడు. రెండు రోజులు తిరిగాను. ఆఖరికి ఒక దుకాణంలో ఐసు పెట్టెలోంచి తీసి ఇచ్చారు, మామూలు ధరకు రెట్టింపు. ముక్కలకు ఉప్పూ కారం అల్లం వెల్లుల్లి పట్టించి పెనం మీద వేస్తే అంచులు విరిగిపోయాయి. లోపల పిప్పిలా ఉంది. ఉప్పు తగిలింది, కారం తగిలింది, చేప తగల్లేదు. చుట్టాలు మర్యాదకు బాగుందన్నారు. మా అబ్బాయి మాత్రం సగం ముక్క కంచంలో వదిలేశాడు. వాడు చేప వదిలేయడం నేను చూడటం అదే మొదలు.

మర్నాడు పెదజాలరిపేట నుంచి మా వీధికి గంప తెచ్చే అప్పతో ఈ గోడు చెప్పుకున్నాను. ఆవిడ గంప దించి నడుం మీద చెయ్యి పెట్టుకుని నా వైపు చూసింది.

"ఏటమ్మా, పడవలన్నీ కట్టేసున్నాయి కదా. నీకు కోనెం ఎక్కడినుంచొస్తాది? నెల కిందట్దో, ఏ దేశంలోదో. నన్నడిగితే నెత్తళ్ళు తెద్దును కదా."

ఆ రోజు గంపలో ఉన్నవి తెప్ప మీద తెచ్చిన నాలుగు పిడికిళ్ళ నెత్తళ్ళు, కాసిని కవళ్ళు. "చుట్టాలకు నెత్తళ్ళు పెడితే బాగుంటుందా అప్పా" అన్నాను. ఆవిడ జవాబు చెప్పకుండా మరో మాట అంది. మార్చిలో చేప కోస్తే కడుపునిండా జన, అంటే గుడ్లు, ఉంటుంది, చూశావు కదా, అంది. "కడుపుతో ఉన్న దాన్ని ఎవులైనా కొడతారేటమ్మా? ఈ రెండు నెల్లూ దాన్నొగ్గెయ్యాల."

ఆ నెత్తళ్ళతోనే ఆ మధ్యాహ్నం పచ్చి మామిడికాయ వేసి పులుసు పెట్టాను. ముందురోజు వేపుడు వదిలేసిన వాడే గిన్నె అంచులు కూడా నాకేశాడు. తాజా చేపంటే ఏమిటో, ఖరీదైన చేపంటే ఏమిటో, ఆ రెండు పూటల తేడాలో నాకు తెలిసొచ్చింది.

నాతో వాదించేవాళ్ళు చాలామందే ఉన్నారు. వాళ్ళ మాటల్లోనూ పస ఉంది. నిషేధానికి ముందే పట్టి గడ్డకట్టించిన చేప అమ్మితే తప్పేముంది? తప్పు లేదు. చెరువు చేపలున్నాయి కదా, భీమవరం వైపు నుంచి రాగండి, బొచ్చె లారీల్లో వస్తూనే ఉంటాయి, వనామీ రొయ్యలకు కాలమే లేదు కదా? నిజమే. చెరువు చేపల్లోనూ రొయ్యల్లోనూ దేశంలో మన రాష్ట్రమే ముందుంది, ఆ పెంపకం మీద లక్షల కుటుంబాలు బతుకుతున్నాయి. అవి తినేవాళ్ళను నేనేమీ అనను. నా బాధ వేరే. సముద్రం పక్కనే ఉండి సముద్రం సంగతి పట్టకుండా తినడం అలవాటైపోయింది. ఫోన్లో బొమ్మ నొక్కితే జనవరిలోనూ మేలోనూ అదే కోనెం, అదే ముక్క, అదే ప్యాకెట్టు. పన్నెండు నెలలూ ఒకేలా తినేవాడికి బయట వేట ఆగిందో సాగుతోందో ఎలా తెలుస్తుంది? తెలియకపోతే దాన్ని కాపాడాలని ఎందుకు అనిపిస్తుంది?

మా వారు అడిగిన ప్రశ్న మాత్రం నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది. "నువ్వు కొనడం మానేస్తే నీ అప్ప ఏం తింటుంది?"

వేట ఆగిన రోజులకు మత్స్యకారులకు ప్రభుత్వం భృతి ఇస్తుంది. 2019 నుంచి 10,000 రూపాయలు ఉండేది, 2025లో 20,000 చేశారు. రెండు నెలలు ఒక కుటుంబం గడవడానికి అది ఎంతవరకు సరిపోతుందో ఇల్లు నడిపే ఎవరికైనా తెలుసు. పైగా అది పడవ ఎక్కి వేటకు వెళ్ళేవాళ్ళ లెక్క. గంప నెత్తిన పెట్టుకుని వీధులు తిరిగే ఆడవాళ్ళకు చేప లేని రోజు కూలి లేని రోజే. అందుకే మా ఇంట్లో ఇంకో పద్ధతి పెట్టుకున్నాం. చేపలకు నెలకు ఎంత ఖర్చు పెడతామో అంత డబ్బూ వేసవిలోనూ విడిగా పెడతాం. ఆ డబ్బు ఆవిడ దగ్గర ఎండు చేపలకూ తెప్ప చేపలకూ వెళుతుంది. తెప్ప చేప ఏ రోజు ఏది వస్తే అదే. రాని రోజు లేదు. బేరం ఆడను. ఈ రెండో పద్ధతి లేకుండా మొదటిది పాటిస్తే అది నా నోటికి మంచిదే కావచ్చు, పేటకు మాత్రం మంచిది కాదు. వేసవిలో పెద్ద చేప మానేయాలని ఎవరికైనా అనిపిస్తే దయచేసి ఈ రెండూ కలిపే పాటించండి.

ఇక ఎండు చేప. ఈ నగరానికి ఎండు చేపంటే సిగ్గు. బీచ్ రోడ్డులో నలుగురినీ తీసుకెళ్ళి వెన్న రాసిన రొయ్యలు తినిపించడానికి లేని సిగ్గు, వంటింట్లో ఉప్పుచేప కాల్చడానికి వస్తుంది. తలుపులు మూస్తాం, అగరొత్తులు వెలిగిస్తాం, ఎవరైనా గంట కొడితే గిన్నె మీద మూత పెడతాం. అద్దె ఇల్లు వెతుక్కునేటప్పుడు "మీరు ఎండు చేపలు వండుతారా" అనే ప్రశ్న మా స్నేహితురాలు నా ముందే ఎదుర్కొంది. ఆ ప్రశ్న వాసన గురించి మాత్రమే అని నేననుకోను. ఎండు చేప పేదవాళ్ళ కూడు, పేటవాళ్ళ కూడు అన్న లెక్క ఆ ప్రశ్నలో ఉంది.

నిజానికి అంత తెలివైన తిండి మన తీరంలో ఇంకోటి లేదు. చేప దండిగా పడిన రోజుల్లో, ఎండ గట్టిగా కాసే రోజుల్లో, తినగా అమ్మగా మిగిలింది ఎండబెట్టి దాచుకున్నారు. సముద్రం ఇవ్వని రోజుల్లో అది తీసి వండుకున్నారు. నెత్తళ్ళ లాంటి చిన్న చేపను ఉప్పు లేకుండానే ఎండబెడతారు. పెద్ద చేపను చీల్చి, పేగులు తీసి, ఉప్పు పట్టించి ఎండబెడతారు. కొనేటప్పుడు నేను చూసేది రెండే: విరిస్తే పెళుక్కుమని విరగాలి, అడుగున ఇసుక ఉండకూడదు. ఇసుక మీద పరిచినవాటికన్నా వలల మీదో గచ్చు మీదో ఎండినవి శుభ్రంగా ఉంటాయి. అప్ప నా కోసం అలాంటివే ఏరి తెస్తుంది, రెండు రూపాయలు ఎక్కువ చెబుతుంది. ఇవ్వాల్సిందే.

వండటం తెలియక వాసన వాసన అంటారు. ఎండు నెత్తళ్ళకు తలలు గిల్లి పొట్టలోని నల్లటి పోగు తీసేయాలి. నూనె లేని మూకుడులో సన్న సెగ మీద వేయించి, గోరువెచ్చటి నీళ్ళలో మూడుసార్లు కడగాలి. అప్పుడు లేత వంకాయలతో కూర పెట్టండి. ఎండు రొయ్యలకు తలా తోకా తుంచి, వేయించి, గుడ్డలో వేసి నలిపితే పొట్టంతా రాలిపోతుంది. ఉల్లిపాయ, పచ్చిమిర్చి మగ్గాక రొయ్యలు వేసి, పసుపూ కారం వేసి, గ్లాసుడు నీళ్ళు పోసి ఉడకనిచ్చి, చివర్లో పుల్ల మామిడికాయ ముక్కలు వేయాలి. చింతపండు అక్కర్లేదు. చేప దొరకని రోజుల్లోనే మామిడికాయ దొరకడం నాకు ఎప్పుడూ ఆశ్చర్యంగానే ఉంటుంది. సముద్రం తలుపు వేసే సమయానికి తోట తలుపు తీస్తుంది.

మా అపార్ట్‌మెంటులో దీని మీద గొడవ కూడా అయింది. ఒకరోజు వాట్సాప్ గ్రూపులో "కారిడార్‌లో దుర్వాసన" అని ఎవరో పెట్టారు. నాకు కోపం వచ్చింది, జవాబు టైపు చేసి చెరిపేసి, నేరుగా వెళ్ళి మాట్లాడాను. మెట్ల దగ్గర అరగంట నడిచింది. అప్పుడు రెండో అంతస్తు మామ్మగారు, కోడిగుడ్డు కూడా ముట్టనివారు, ఒకే మాట అన్నారు: "పొద్దున్నే మా ఇంగువ పోపుకి ఎవరూ ముక్కు మూసుకోలేదుగా." అప్పటి నుంచి ఎండు చేప వండే రోజు ఆవిడకు ముందుగా చెబుతాను. ఆ పూట ఆవిడ బాల్కనీలో ఎండబెట్టిన వడియాలు లోపల పెట్టుకుంటారు. సర్దుకుపోవడం అంటే ఇలా ఉండాలి. ఒకరు వండటం మానేయనూ అక్కర్లేదు, ఇంకొకరు ఊరుకుని బాధపడనూ అక్కర్లేదు.

ఆ గొడవ వల్ల ఒక మేలు జరిగింది. భీమిలిలో మా అత్తయ్యగారి ఇల్లు ఉంది, గోస్తనీ నది సముద్రంలో కలిసే చోటుకు దగ్గరలో. ఆ పెరట్లో మే రెండో ఆదివారం ఎండు చేపల భోజనం పెట్టుకుందామని మొదలుపెట్టాం. మూడేళ్ళుగా జరుగుతోంది. మొదటిసారి తొమ్మిది మందిమి, ఈ ఏడు ముప్ఫై దాటాం. నియమం ఒక్కటే, ఎవరింటి వంటకం వాళ్ళు తేవాలి, వాళ్ళమ్మో నాయనమ్మో వండిన పద్ధతిలో. ఉప్పుచేప నంజుకోవడానికి పప్పుచారు మూడు గిన్నెల నిండా వచ్చింది. గోంగూరలో ఎండు రొయ్యలు వచ్చాయి. రొయ్యపొట్టు కారప్పొడి ఒకావిడ సీసాలో తెచ్చి ఎవరికీ కొలతలు చెప్పలేదు. అప్ప కోడలితో కలిసి వచ్చి, అక్కడే రాళ్ళ పొయ్యి పెట్టి, ఎండు సావళ్ళ పులుసు కాచింది. ఏజెన్సీ నుంచి వచ్చిన నల్లటి పాత చింతపండు, బెల్లం ముక్క, మెంతిపొడి. ఆ పులుసు ముందు మా గిన్నెలన్నీ చిన్నబోయాయి. ఇంజనీరింగు చదివే కుర్రాళ్ళు ఎండు చేప మొదటిసారి తిన్నారట, విశాఖలో పుట్టి పెరిగి! ఆ మాట విని అప్ప నవ్వలేదు. కాసేపు వాళ్ళ వైపు చూసి ఇంకో గరిటె పోసింది.

ఆ పెరట్లో ఒకప్పుడు పెద్ద పనస చెట్టు ఉండేది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను దాన్ని వేళ్ళతో పెకలించింది. అత్తయ్యగారు ఇప్పటికీ ఆ గుంట పక్కన నడవరు. అందుకే పనసపొట్టు మేం కొనుక్కుంటాం. బజారులో కత్తితో టకటకా కొట్టి ఇచ్చేవాళ్ళున్నారు, చేతికీ కత్తికీ నూనె రాసుకుని. సింహాచలం వైపు కాయ దొరికితే సరే సరి. ఉడికించిన పొట్టుకు చింతపండు రసం, పోపు పెట్టి, దించి చల్లారాకే ఆవ కలపాలి. పొయ్యి మీద కలిపితే చేదెక్కుతుంది. ఇంతకన్నా దాని గురించి చెబితే పనసపొట్టుకి ఒక వ్యాసమే అవుతుంది.

సింహాచలం అన్నాక ఒక మాట చెప్పకుండా ఉండలేను. అప్పన్న స్వామి ఏడాదంతా చందనం పూతలోనే ఉంటాడు. అక్షయ తృతీయ ఒక్కరోజే నిజరూపం. ఆ ఒక్కరోజు కోసం ఉత్తరాంధ్ర జనమంతా ఎండలో గంటల తరబడి నిలబడతారు. దారి పొడవునా ఎవరెవరో మజ్జిగ ఇస్తుంటారు. 'నిన్న చూద్దును, రేపు చూస్తాను' అనేవాడు అక్కడ ఒక్కడూ కనిపించడు. ఏడాదికి ఒక్కరోజు దర్శనానికి ఓపిక పట్టే ఊరు, రెండు నెలలు ఒక చేప కోసం ఓపిక పట్టలేదంటే నేను నమ్మను.

ఓపిక లేకపోతే ఏమవుతుందో మామిడిపండులో కనిపిస్తుంది. మార్చి నెలాఖరుకే బళ్ళ మీద పసుప్పచ్చటి పండ్లు దిగుతాయి. పైన పసుపు, కోస్తే లోపల తెలుపు, పులుపు, టెంక దగ్గర పచ్చి. కాల్షియం కార్బైడుతో పండించడం 2011 నిబంధనల్లోనే నిషిద్ధం. ఇథిలీన్ వాయువును పరిమితిలో వాడొచ్చు, కాయ తనంతట తాను పండేటప్పుడు విడుదల చేసేదీ అదే. అయితే ముదరని కాయకు ఏ వాయువు పెట్టినా రంగు వస్తుంది తప్ప రుచి రాదు. నేను తప్పు అమ్మేవాళ్ళ మీద ఒక్కళ్ళ మీదే వేయలేను. మార్చిలో పండు కావాలని అడిగింది మనమే.

మా మేడ మీద మే మూడో శనివారం సాయంత్రం పండ్ల రుచి చూసే కార్యక్రమం పెడతాం. రైతుబజారు నుంచీ పూర్ణా మార్కెట్టు నుంచీ పచ్చి కాయలే తెచ్చి, వారం ముందు మామ్మగారి స్టోర్ రూములో వరిగడ్డిలో మాగవేస్తాం. గది తలుపు తీస్తే ఆ వాసనకే సగం కడుపు నిండుతుంది. పేర్లు చెప్పకుండా ముక్కలు పెట్టి, పిల్లలను కళ్ళు మూసుకుని చెప్పమంటాం. ఈ ఏడు ఆరు రకాలు. బంగినపల్లిని అందరూ గుర్తుపట్టారు, పీచు లేని తీపి. దానికి 2017లో భౌగోళిక గుర్తింపు వచ్చింది, గోదావరి నుంచి రాయలసీమ దాకా అందరూ తమదే అంటారు. పెద్దరసం, చిన్నరసం పిల్లలు కోయనివ్వలేదు, నలిపి జుర్రుకున్నారు. కలెక్టరు మామిడిని దాని ముక్కు చూసి చెప్పేశారు, కళ్ళు మూసుకున్నామన్నది అబద్ధమే. పనుకులు మా వాళ్ళలో పెద్దవాళ్ళకే తెలిసింది.

సువర్ణరేఖను మాత్రం పదకొండు మంది పిల్లల్లో ఇద్దరే గుర్తుపట్టారు. నాకు ఆ సాయంత్రం అదొక్కటే బాధ. సువర్ణరేఖ మన ఉత్తరాంధ్ర పండు. భుజం మీద ఎర్రటి మెరుపు, ముక్కులోకి దూసుకొచ్చే వాసన, తీపి వెనక చిన్న పులుపు. అన్నిటికన్నా ముందు వస్తుంది, ముందే వెళ్ళిపోతుంది. ఆ నాలుగైదు వారాలు తినకపోతే ఏడాది ఆగాల్సిందే. బంగినపల్లి దుకాణాల్లో ఎక్కువ రోజులు నిలుస్తుంది కాబట్టి అదే అందరికీ తెలుసు. నిలవ ఉండే పండే మనకు మంచి పండైపోయింది.

ఆవకాయ గురించి రాయకపోతే మామ్మగారు ఊరుకోరు. ప్రతి ఏడూ మొదటి వానకు ముందే, మే మొదటి వారంలోనే మేడ మీద ఆరు ఇళ్ళవాళ్ళం కలిసి పెడతాం. వాన పడితే కాయలో నీరు చేరుతుంది, గాలిలో చెమ్మ పెరుగుతుంది, మన సముద్రపు గాలికి అసలే చెమ్మ ఎక్కువ. టెంకతో సహా కొట్టించి తెచ్చిన ముక్కలను ఒక్కొక్కటీ పొడి గుడ్డతో తుడవాలి. జీడి తీసేయాలి, లోపలి పొర గీకాలి. ఆవగుండ ఒక గిన్నె, కారం ఒక గిన్నె, ఉప్పు ముప్పావు గిన్నె, పప్పునూనె ధారాళంగా. ఈ లెక్క దగ్గరే ప్రతి ఏడూ వాదన. మా అత్తయ్యగారు ఉప్పు కాస్త ఎక్కువ ఉండాలంటారు, మామ్మగారు మూడో రోజు తిరగకలిపేటప్పుడు చూసుకుందాం అంటారు. మూడో రోజు వచ్చేసరికి మామ్మగారిదే నెగ్గుతుంది. కలపడం అయ్యాక ఖాళీ బేసిన్‌లో వేడన్నం వేసి, అడుగున అంటిన గుండా నూనే కలిపి, అందరి చేతుల్లో తలో ముద్ద. ఆ ముద్ద కోసం గాజువాక నుంచి సిటీ బస్సెక్కి వచ్చేవాళ్ళున్నారు. ఎండు చేప వాసన మీద గ్రూపులో మెసేజ్ పెట్టినవారు కూడా ఈ ఏడు ముక్కలు తుడవడానికి కూర్చున్నారు. మెసేజ్ ఊసు నేనూ ఎత్తలేదు, వారూ ఎత్తలేదు. ఇద్దరం ఒకే గుడ్డతో తుడిచాం.

ముంజెలకైతే అంత గడువు కూడా ఉండదు. భీమిలి రోడ్డులో తాటికాయల గెల కొట్టి, కత్తితో పైచెక్కు తీసి, మూడు కళ్ళలోంచి మూడు ముంజెలు తీసిస్తారు. లేతది అయితే బొటనవేలుతో పొడిస్తే నీళ్ళు చిమ్ముతాయి. అదే చెట్టు కాయ కొద్ది రోజుల్లో ముదిరిపోతుంది. ఫ్రిజ్‌లో పెట్టి రేపు తిందామనుకుంటే రబ్బరు నమిలినట్టుంటుంది. రోడ్డు పక్కన నిలబడి, చొక్కా మీద పడకుండా ముందుకు వంగి తినాలి.

పొద్దున పూట మా ఇంట్లో చోడి అంబలి, అంటే రాగి అంబలి. రాత్రే చోడిపిండి నీళ్ళలో కలిపి పులవనిచ్చి, నూకలు వేసి కాచి చల్లార్చి, పల్చటి మజ్జిగ, ఉల్లిపాయ, పచ్చిమిరపకాయ. 2023ను ప్రపంచమంతా చిరుధాన్యాల సంవత్సరం అన్నప్పటి నుంచి బీచ్ రోడ్డులో నడకకు వచ్చేవాళ్ళంతా అంబలి బళ్ళ దగ్గర నిలబడుతున్నారు. సంతోషమే. మా మామగారు చిన్నప్పుడు అది తాగి పొలానికి వెళ్ళేవారు, తర్వాత పట్నం వచ్చి దాన్ని దాచిపెట్టారు. ఆయన బతికుంటే ఇప్పుడు నలుగురిలో గ్లాసు పట్టుకుని తాగేవారు. ఆ మాట తలచుకుంటే నాకు గొంతు పట్టేస్తుంది. ఎండు చేపకు కూడా అలాంటి రోజు రావాలి. మనవలు మెచ్చుకునేదాకా ఆగితే ఆలస్యమవుతుంది. ఇప్పుడు వండుతున్నవాళ్ళు బతికుండగానే రావాలి.

మళ్ళీ చేప దగ్గరికి వస్తాను. ఈ ఏడు జూన్ 14 రాత్రి మా అబ్బాయి హార్బర్‌కి తీసుకెళ్ళమన్నాడు. ఐసు దిమ్మలు పిండి చేసి పడవల్లోకి తోస్తున్నారు. డీజిలు డబ్బాలు, బియ్యం బస్తాలు, నీళ్ళ డ్రమ్ములు ఎక్కుతున్నాయి. పడవ ముక్కుకు పసుపు రాసి, కుంకుమ పెట్టి, నిమ్మకాయలు కట్టి, గంగమ్మ తల్లికి కొబ్బరికాయలు కొట్టారు. మరపడవలు ఒకసారి వెళితే చాలా రోజులు సముద్రం మీదే ఉంటాయి కాబట్టి మర్నాడే కోనెం రాదని వాడికి తెలుసు. తొందర పడలేదు. నాలుగేళ్ళ కిందట కంచంలో ముక్క వదిలేసినవాడే. రెండు గంటలు గట్టు మీద కూర్చుని ఇంజిన్లు ఒక్కొక్కటీ మొదలవడం విన్నాడు.

పదకొండో రోజు పొద్దున అప్ప గంప దిగింది. పైన కానాగంతలు, కంటి నలుపు నిగనిగలాడుతూ. వాటి కింద తడి గోనె గుడ్డ. ఆవిడ గుడ్డ తీయకుండా నన్నే చూస్తోంది.

"బాబుని పిలమ్మా. ఆడే తియ్యాల."

వాడు పళ్ళు తోముకుంటున్నవాడు బ్రష్షు నోట్లో పెట్టుకునే వచ్చి గుడ్డ ఎత్తాడు. అడుగు చేపలో కాస్త పెద్దది, నీలం మెరుపు వీపు, ఒంటి మీద వరసగా మచ్చలు. తల పులుసుకు, నడిమి ముక్కలు వేపుడుకు, తోక వైపు అప్ప ఇంటికి అని వాడే చెప్పాడు. ఆవిడ కత్తిపీట పరిచి, కాలు వేసి తొక్కిపట్టి, పొలుసు గీకడం మొదలుపెట్టింది. నేను పెనం కడగడానికి లోపలికి వెళ్ళాను.